పాములు లేని వైకుంఠపాళి

సంక్రాంతి సెలవులకు మా వూరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు నన్నొక ప్రశ్న వేశాడు. నేను తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నవాణ్ణి. కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పద్ధెనిమిదేళ్ళయింది. సంధులడిగినా, సమాసాలడిగినా ఏదో ఒకటి చెప్పి పరువు దక్కించుకొనేవాణ్ణి. వాడు అడిగింది ఫుట్‌బాలు గురించి!

మా వూరు కేతేపల్లి. హైదరాబాదునుంచి విజయవాడ వెళ్ళే పెద్ద రోడ్డుమీద, నకిరేకల్లుకూ సూర్యాపేటకూ మధ్య వుంటుంది. ఆ దారిన ప్రయాణం చేసినవారైతే మీరు తప్పక చూచే వుంటారు. కాని చూచినట్లు జ్ఞాపకముండదు. మూసీ ప్రాజెక్టూ, ఆ నీళ్ళతో పండే వరిచేలూ తప్ప చెప్పుకోదగ్గ విశేషాలు మాకేమీ లేవని అనుకొంటూ వుండేవాణ్ణి. ఈసారి వెళ్ళేసరికి వూరిబయట బంజరులో నాలుగు వెదురుగడలు నిలబడివున్నాయి. అవి గోలుపోస్టులట!

పండుగకు చుట్టుపక్కల వూళ్ళనుంచి ఆరు జట్లు పోటీకి దిగాయి. సగంమందికి కాళ్ళకు బూట్లు లేవు. చివరిరోజు ఆటలో మావాళ్ళు ఒక్క గోలు తేడాతో గెలిచారు. ఆ గోలు కొట్టినవాడు మా మేనల్లుడే. కుర్రకారంతా వాణ్ణి భుజాలమీద ఎక్కించుకొని బజారంతా తిప్పారు. రాత్రి సకినాలు నములుతూ వాడు అడిగాడు:

“మామా, గెలిచినం గద! ఇగ ఏడికి పోతం?”

“ఏడికో పోవుడేంది? పండుగయినంక కాలేజికి పోతవు” అన్నది మా అక్క వంటింట్లోనుంచి.

“అది కాదమ్మా! గెలిచిన జట్టు పై ఆటకు పోవాలె గద! ఆ పై ఆట ఏడుంటది?”

నావద్ద జవాబు లేదు. వాడు పడుకొన్న తర్వాత అక్క వచ్చి అసలు సంగతి చెప్పింది. హైదరాబాదులో ఒక క్లబ్బువారు వచ్చి ఆడి చూపమన్నారట. వీడికి ఇంటరు రెండో సంవత్సరం. ఎప్‌సెట్టు నెత్తిమీద వుంది. చదువు మాని వెళ్ళిపోతానని కూర్చున్నాడట.

“నీ మాటయితే ఇంటడు తమ్మీ! గీ ఆట కూడు పెట్టదని జెర చెప్పు.”

ఆ మాట నేను ఇదివరకొకసారి చెప్పాను. చాలా యేళ్ళక్రితం నా క్లాసులో ఒక కుర్రవాడు గాలికన్న వేగంగా పరుగెత్తేవాడు. ‘ఆటలు కూడు పెట్టవురా’ అన్నాను. వాడు విని ఆట మానేశాడు. చదువు అంతంతమాత్రంగానే ముగిసింది. ఇప్పటికీ రోడ్డుమీద కనబడితే ఆగి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నాకు గుచ్చుకొంటూనే వుంటుంది. అందుచేత సంగతి తెలుసుకోకుండా ఈసారి సలహా చెప్పదలచుకోలేదు. తెలుసుకొన్నదే మీకూ చెబుతున్నాను.

నిచ్చెనలూ, పాములూ

వైకుంఠపాళి ఆడని తెలుగిల్లు వుండదు. నిచ్చెన దొరికితే పైకి, పాము నోట పడితే కిందికి. ఫుట్‌బాలు లీగుల ఏర్పాటు అచ్చంగా ఇదే. జట్లన్నిటినీ అంతస్తులుగా విడదీస్తారు. ఒక్కొక్క అంతస్తులో వున్న జట్లు యేడాది పొడుగునా ఒకదానితో ఒకటి ఆడుతాయి. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. చివరికి పైన నిలిచిన జట్టు మరుసటి యేడు పై అంతస్తుకు పోతుంది. అడుగున పడ్డది కింది అంతస్తుకు దిగుతుంది. ఇందులో సిఫారసు లేదు, వంశం లేదు. నిరుడు రాజువైనా, యీ యేడు ఓడితే దిగవలసిందే.

కప్పు పోటీకీ, లీగుకూ తేడా ఇక్కడే వున్నది. కప్పు గెలిస్తే ఆ పూట పండుగ. మరునాడు ఏమీ లేదు. లీగు గెలిస్తే రేపు అనేది ఒకటుంటుంది. మావాడు అడిగింది ఆ రేపు గురించే.

నల్లగొండకన్న చిన్న దేశం

దీనికి మంచి ఉదాహరణ వేల్సు. బ్రిటనులో పడమటి వైపున్న చిన్న దేశం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 31 లక్షలు. మన పాత నల్లగొండ జిల్లాలో 2011లోనే 34 లక్షలు దాటారు! అంటే మా జిల్లాకన్న చిన్న దేశమన్నమాట. అయినా వారి ఫుట్‌బాలు సంఘం 1876లో పుట్టింది.

దేశం మొత్తానికి ఒక లీగు వారికి 1992లో గాని ఏర్పడలేదు. దానికిప్పుడు కమ్రి ప్రీమియర్ అని పేరు. వేల్సువారు తమ భాషలో తమ దేశాన్ని ‘కమ్రి’ అంటారు. పక్కన ఇంగ్లీషు వంటి మహావృక్షం వున్నా తమ మాటను వదలలేదు. తెలుగు మాస్టరుగా నాకది ముచ్చట వేసింది. ఆ పై లీగులో చాలాకాలంగా 12 జట్లు. 2026-27 నుంచి 16 చేయాలని నిర్ణయించారు. దాని కింద 2019లో ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి రెండు లీగులు ఏర్పరచారు. వాటి కింద ‘ఆర్డల్’ లీగులు నాలుగు. ఆర్డల్ అంటే ప్రాంతమని అర్థం. వాటి కింద ఇంకా చిన్న చిన్న వూళ్ళ లీగులు. పై అంతస్తులో మామూలుగా అడుగు రెండు జట్లూ దిగుతాయి. కిందినుంచి గెలిచినవి వాటి చోటికి వస్తాయి.

గెలుపు ఒక్కటే చాలదు సుమా! పై అంతస్తుకు పోవాలంటే లైసెన్సు కావాలి. సరైన మైదానం, ప్రేక్షకులకు కుర్చీలు, రాత్రి దీపాలు, శిక్షణ పొందిన గురువు—ఇవన్నీ వుండాలి. లేకపోతే గెలిచినా నిచ్చెన ముందు నిలబడిపోవలసిందే. పేద క్లబ్బుకు ఇది కష్టమే. కాని యీ నియమం వల్ల వూరివాళ్ళంతా చేరి మైదానం బాగుచేసుకొంటారు. నిచ్చెన వుందని తెలిస్తేనే గదా ఎవరైనా ఎక్కడానికి కాళ్ళు కడుక్కొనేది!

వేల్సులోని పెద్ద క్లబ్బులు కొన్ని ఇంగ్లండు లీగులలోనే ఆడుతున్నాయి. వాటిలో రెక్సమ్ ఒకటి. అది 2023లో ఐదో అంతస్తునుంచి పైకి వచ్చింది. 2024లో ఇంకొక మెట్టు, 2025లో మరొక మెట్టు. వరసగా మూడేళ్ళలో మూడు నిచ్చెనలెక్కి రెండో అంతస్తుకు చేరింది. క్లబ్బు కొన్న సినిమా తారల డబ్బు సాయం చేసిన మాట నిజమే. కాని ఎంత డబ్బున్నా ఒక్కొక్క మెట్టూ ఆడి గెలిచే ఎక్కవలసివచ్చింది.

రహీం మాస్టారు

మనకు ఆట తెలియదా అంటే, మన హైదరాబాదు ఒకనాడు దేశానికే నేర్పింది. సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతికి తీసుకొన్నాడు. ఆ యేటినుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్సు కప్పు ఆ జట్టుదే. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా విజయం తర్వాత యేడాదైనా తిరగకుండా, 1963 జూనులో ఆయన కేన్సరుతో పోయాడు. పిల్లలు ‘మైదాన్’ అనే హిందీ చిత్రంలో యీ కథ చూచే వుంటారు.

సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన మలచిన శిల్పమే. 1956లోనూ, 1960లోనూ ఒలింపిక్సు ఆడాడు. జకార్తా జట్టులోనూ వున్నాడు. 1957లో కలకత్తా ఈస్టు బెంగాలు క్లబ్బుకు వెళ్ళిపోయాడు. 2023లో కన్నుమూశాడు. ఆటగాడు ఎదిగాడు, కాని ఎదగడానికి వూరు విడవక తప్పలేదు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఒకే నగరం, రెండు జట్లు

మన దేశంలో జాతీయ లీగు 1996లో మొదలైంది. 2007లో దాని స్థానంలో ఐ-లీగు వచ్చింది. 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చింది. 2019లో సూపర్ లీగునే పై అంతస్తుగానూ, ఐ-లీగును రెండోదిగానూ నిర్ణయించారు. కాని వాటి నడుమ అప్పటికి నిచ్చెన లేదు, పామూ లేదు. ఐ-లీగులో గెలిచిన జట్టు పైకి పోవడం 2023లో పంజాబు క్లబ్బుతో మొదలైంది. 2024లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగు వెళ్ళింది.

ఈ రెండేళ్ళూ ఐ-లీగులో రెండో స్థానం ఎవరిదనుకొన్నారు? రెండుసార్లూ మన హైదరాబాదులో ఆడే శ్రీనిధి దక్కన్ జట్టుదే! అదీ కిందినుంచి మెట్లెక్కి వచ్చినది కాదు; సమాఖ్య పిలిచిన బిడ్లలో ఎంపికై, 2021-22లో నేరుగా ఐ-లీగులో అడుగుపెట్టింది. వచ్చిన యేడే మూడో స్థానం, ఆ వెనుక రెండేళ్ళు రెండో స్థానం. నిచ్చెన మొదటివాడికొక్కడికే. రెండోవాడు ఎంత దగ్గరగా వచ్చినా కిందనే.

ఇప్పుడు అదే నగరంలో రెండో జట్టును చూడండి. 2019లో పుట్టిన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చిలో కేరళ జట్టును ఓడించి సూపర్ లీగు గెలిచింది. ఎంతో సంతోషించాం. రెండేళ్ళు తిరిగేసరికి, 2023-24లో, ఒకే ఒక్క ఆట గెలిచి అడుగున పడింది. మరి దిగిందా? దిగలేదు. పై లీగులో అప్పుడు పాము లేదు! ఒకే నగరంలో, ఒకే యేడు, పై అంతస్తులో కడపటి జట్టు పైనే వుండిపోయింది. కింది అంతస్తులో రెండో జట్టు కిందనే వుండిపోయింది.

కథ అక్కడితో ఆగలేదు. 2025లో హైదరాబాదు ఎఫ్.సి. పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. ఆటలో ఓడినందుకు దిగని జట్టు, చేతులు మారినందుకు వూరే వదలిపోయింది. దిగి వుంటే మళ్ళీ ఎక్కేవాళ్ళం; పోయినదాన్ని ఎక్కడినుంచి తెచ్చుకొంటాం?

ఆ యేడు ఐ-లీగు తగవు మైదానంలో తేలక, స్విట్జర్లండులోని క్రీడా న్యాయస్థానం దాకా పోయింది. జూలైలో తీర్పు వచ్చాక కాశీ జట్టు విజేత అయింది, పైకి వెళ్ళింది. పైనుంచి మాత్రం ఆసారీ ఎవరూ దిగలేదు.

పాము వుండడం క్రూరమని మనకు తోస్తుంది. కాని ఆలోచించండి. పైవాడు దిగకపోతే కిందివాడికి చోటేదీ? పామును చెరిపేసిన వైకుంఠపాళిలో నిచ్చెన కూడా సగం చెరిగిపోతుంది.

ఎన్ని మెట్లు?

మా వాడికోసం కాగితంమీద మెట్లు గీశాను. కింది అంతస్తులలో సంగతి కొంచెం మెరుగే. రాష్ట్ర లీగులపైన నాలుగో అంతస్తుగా 2023లో ఐ-లీగు-3 అని పెట్టారు. దానిపైన ఐ-లీగు-2. స్పోర్టింగు క్లబ్బు బెంగుళూరు 2023-24లో ఆ రెండు మెట్లూ ఒకే సీజనులో ఎక్కి ఐ-లీగుకు చేరింది. మరుసటి యేడే ఓడి దిగింది. నిచ్చెనా నిజమే, పామూ నిజమే. అది ఆట!

“సూడు మామా, రాష్ట్రం లీగు దాకా గీసినవు. దాని కింద?” అన్నాడు వాడు.

దాని కింద కాగితం ఖాళీగా వుంది. మా బంజరుకూ, ఆ మొదటి మెట్టుకూ మధ్య ఏముందో నేను గీయలేకపోయాను.

“నువ్వొక్కడివి పోవచ్చురా. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడలేదా? పరీక్షలు రాసి, వేసవిలో పోయి క్లబ్బువారికి ఆడి చూపించు. పుస్తకాలు మాత్రం వదలకు” అన్నాను. అక్క నావైపు గుర్రుగా చూచింది గాని, ‘పరీక్షలు రాసి’ అన్న మాట విని వూరుకొన్నది.

వాడు సంతోషిస్తాడనుకొన్నాను. తల వంచుకొని, “నేనొక్కణ్ణి పోతెట్ల మామా? గెలిచింది పదకొండుమందిమి గద!” అన్నాడు.

నేనింతసేపు చదివి తెలుసుకొన్నదంతా వాడు ఒక్క మాటలో చెప్పాడు. ఆటగాడు ఎక్కడం వేరు; జట్టు ఎక్కడం వేరు. ఆటగాడు ఎక్కితే వూరికి వాడి ఫోటో మిగులుతుంది. జట్టు ఎక్కితే వూరే ఎక్కుతుంది.

మర్నాడు కూర్చొని ఆరు వూళ్ళకూ లెక్క వేశాం. వచ్చే సంక్రాంతినుంచి కప్పు పోటీ వద్దు, లీగు పెడదామన్నాం. పైన మూడు జట్లు, కింద మూడు. దసరానుంచి సంక్రాంతి దాకా ఆదివారాలు ఆట. కింద గెలిచినది పైకి, పైన ఓడినది కిందికి. నోటుబుక్కులో రాసి అరుగుమీద పెద్దలకు వినిపించాము. అంతా విని మా పక్కింటి పెద్దాయన చుట్ట పక్కకు తీసి ఒక్కటే అడిగాడు.

“మంచిగనే వున్నది గాని పిలగా, మన వూరే అడుగుకొస్తే?”

నేను నసిగేలోగా మావాడు చెప్పాడు.

“దిగుతం తాతా! మల్ల ఎక్కుతం.”