పేనుబంకకు వేటగాడు.. ఒంటరి కందిరీగ
గట్టు మీది ఎండుకొమ్మే దాని గూడు

మధిర: కందిరీగ అనగానే తుట్టె, కుట్టు గుర్తుకొస్తాయి. అయితే తుట్టె కట్టకుండా ఒంటరిగా జీవించే కందిరీగ జాతులు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో కొన్ని పైరును పీల్చే పేనుబంకనే తమ పిల్లలకు ఆహారంగా సమకూరుస్తాయి. మిరప, పత్తి, పెసర, మినుము సాగయ్యే మధిర ప్రాంత రైతులు వీటిని గుర్తించడం ఎంతైనా అవసరం.

చీడ తీరు ఇదీ..
పేనుబంక ఆకుల అడుగున, చిగుళ్లపై గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. అది విసర్జించే తియ్యని జిగురుపై నల్లని మసి బూజు పెరుగుతుంది. కొన్ని వైరస్ తెగుళ్లు కూడా దీని ద్వారానే వ్యాపిస్తాయి. ఆడ పురుగు మగదాని అవసరం లేకుండానే పిల్లలను కంటుంది. అందుకే కొద్ది రోజుల్లోనే చేనంతా కమ్ముకుంటుంది.

అరకొక గుడ్డు
ఈ కందిరీగలు చాలావరకు సెంటీమీటరు లోపే ఉంటాయి. బోలు పుల్లల్లో, పురుగులు తొలిచిన ఎండు కర్ర రంధ్రాల్లో ఆడ కందిరీగ వరుసగా అరలు కడుతుంది. పేనుబంకను దవడలతో పట్టి తెచ్చి, ఒక్కో అరలో పదుల సంఖ్యలో నింపుతుంది. అందులో ఒక గుడ్డు పెట్టి మూసివేస్తుంది. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల ఆ నిల్వను తిని పెరుగుతుంది. ఈ వర్గానికి చెందిన సెనులస్ ప్రజాతి భారతదేశంలోనూ ఉంది. అందులో కొన్ని జాతులు పేనుబంకను, మరికొన్ని ఇతర రసం పీల్చే పురుగులను వేటాడతాయి.

న్యాయం వెనుక నిజం
భ్రమరం కీటకాన్ని గూటిలో ఉంచి, ఝంకారంతో తనలా మార్చుకుంటుందని ‘భ్రమరకీటక న్యాయం’ చెబుతుంది. నిజానికి గూటిలోని పురుగు మారదు. దానిని తిని పెరిగిన కందిరీగ పిల్లే బయటకు వస్తుంది.

రైతులు ఏం చేయాలి?
పదేపదే ఘాటైన మందులు చల్లితే కందిరీగలతోపాటు అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు కూడా నశిస్తాయి. వేటగాళ్లు లేని చేనులో పేనుబంక మళ్లీ విజృంభిస్తుంది. చీడ స్వల్పంగా ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కలిపి పిచికారీ చేయవచ్చు. గులాబి రంగు పురుగుకు ఆశ్రయమిచ్చే పత్తి మోళ్లను మాత్రం తప్పక తొలగించాలి. గట్ల మీది ఎండుకొమ్మలను, బోలు పుల్లలను తగలబెట్టకుండా కొన్నింటిని వదిలేయాలి. ఉద్ధృతి పెరిగితే కందిరీగలు ఒక్కటే చాలవు. అప్పుడు వ్యవసాయాధికారుల సలహా మేరకే మందు ఎంచుకోవాలి.