ఆ ఏడు కిలోమీటర్లు ఎక్కడికి పోయినట్టు?

లీటరుకు 35 కిలోమీటర్లు ఇచ్చే బండి 28కి పడిపోయిందని ఇంజన్ విప్పిస్తానంటున్నావు. జర ఆగు బిడ్డా. విప్పే ముందు లెక్క వేద్దాం. పెట్రోలు ఊరికే మాయమైపోదు. ట్యాంకులో పోసిన ప్రతి చుక్కలోని శక్తీ ఎటో ఒకవైపు పోయే ఉంటుంది. వేడిగా పోవాలి, గాలిని తోసుకుంటూ పోవడానికి పోవాలి, లేదంటే టైరు, చైను, బ్రేకుల రాపిడికి పోవాలి. నాలుగో దారి లేదు. అందుకే పోయిన ఏడు కిలోమీటర్లనూ వెతికి పట్టుకోవచ్చు. అందులో చాలావరకు పానా ముట్టకుండానే దొరుకుతుంది.

లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. ఇంట్లో కరెంటు మీటరు లెక్కకు మారిస్తే దాదాపు 9 యూనిట్లు. ఫ్యానుకు పెడితే రోజుల తరబడి తిరిగేంత శక్తి అది. కానీ మామూలు తోలుడులో చక్రం దాకా చేరేది అందులో అయిదో వంతుకు అటూ ఇటూ. మిగిలిందంతా సైలెన్సర్ లోంచి, ఇంజన్ రెక్కల మీద నుంచి వేడిగా వెళ్లిపోతుంది. ఇది నీ బండి లోపం కాదు, పెట్రోలు కాల్చి నడిపే ఏ చిన్న ఇంజనుకైనా ఇంతే. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. చక్రం దగ్గర కొంచెం శక్తి వృథా అయితే, దాన్ని భర్తీ చేయడానికి ట్యాంకులోంచి మూడింతలకు పైగా ఖర్చు పెట్టాలి. బ్రేకు కొద్దిగా పట్టుకుంటేనే మైలేజీ అంత పడిపోవడానికి కారణం అదే.

మొదటి ప్రశ్న అడుగుతాను. 28 అని ఎలా తేలింది? మీటరు మీద కనిపించే అంకె చూశావా, రెండు లీటర్లు పోయించుకొని రిజర్వు పడేదాకా తోలావా? రెండూ నమ్మదగినవి కావు. రెండు లీటర్ల కొలతలో రెండు వందల మిల్లీలీటర్ల తేడా వచ్చిందంటే అక్కడికక్కడే పది శాతం తప్పు. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ట్యాంకు లోపల ఒక గుర్తు దాకా నింపించు. మూడు వంతులు ఖాళీ అయ్యేదాకా తోలి, అదే బంకులో, అదే స్టాండు మీద, అదే గుర్తు దాకా మళ్లీ నింపించు. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించు. ఇలా రెండు మూడు ట్యాంకులు వరుసగా చూస్తేనే ఆ అంకెకు విలువ. ఒక సైడు స్టాండు, ఒక మెయిన్ స్టాండు అయితే బండి వాలులోనే తేడా వచ్చేస్తుంది.

టైరు మార్చావా అన్నది ఇంకో ప్రశ్న. కిలోమీటర్లు లెక్కపెట్టే సెన్సరు ఉన్న చక్రానికి కంపెనీ సైజు కంటే పెద్ద టైరు వేస్తే, ఆ చక్రం ఒక కిలోమీటరుకు తక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు తక్కువ దూరం చూపిస్తుంది. మైలేజీ తగ్గినట్టు కనబడుతుంది, నిజానికి తగ్గి ఉండదు. హైవే మీద కిలోమీటరు రాళ్లు ఉండనే ఉన్నాయి. ఒక ఇరవై రాళ్లు దాటి మీటరుతో పోల్చుకో. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోయించుకుంటే పెట్రోలు ఎక్కువ వస్తుందంటారు గాని, దానికోసం నిద్ర పాడుచేసుకోకు. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. పైన మన నిజామాబాద్ ఎండ ఎంత మండినా లోపలి పెట్రోలు పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్దగా మారదు.

ఇప్పుడు గాలి సంగతి. దూర ప్రయాణాలంటూ రెండు పక్కలా పెట్టెలు బిగించావు, వెనక ఇంకో పెట్టె, ముందు పెద్ద అద్దం, కాళ్ల దగ్గర గార్డులు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ గాలికి ఎదురుగా నిలబడే వైశాల్యం ఎంత పెరిగిందో చూడు. బస్సు కిటికీలోంచి అరచెయ్యి అడ్డంగా పెట్టి ఒకసారి, నిలువుగా తిప్పి ఒకసారి చూసిన ప్రతి పిల్లవాడికీ ఈ పాఠం తెలుసు. గాలి అడ్డు వేగం పెరిగినట్టు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 60 మీద ఉన్నవాడు 90కి పోతే వేగం ఒకటిన్నర రెట్లు, గాలి అడ్డు రెండుంబావు రెట్లు. మనిషి, పెట్టెలు ఉన్న బండికి 60 వేగంలో గాలి సుమారు పది కిలోల బరువంత బలంతో వెనక్కి లాగుతుంది. అదే 90లో ఇరవై రెండు కిలోలు దాటుతుంది. పెట్రోలు ఖర్చు మాత్రం రెండింతలు కాదు. టైరు రాపిడి అంతగా మారదు, పైగా బరువు మీద పనిచేసేటప్పుడు ఇంజన్ కాస్త మెరుగ్గానే పనిచేస్తుంది. అయినా నీ ఏడు కిలోమీటర్లలో పెద్ద ముక్క ఇక్కడే పోయి ఉంటుందని నా నమ్మకం. కామారెడ్డి, డిచ్‌పల్లి మీదుగా 44వ నంబరు రహదారి నాలుగు వరుసల్లో నున్నగా ఉంటుంది. అక్కడ 90 కూడా నెమ్మదిగానే అనిపిస్తుంది. నిజామాబాద్ దాటి బోధన్ రోడ్డెక్కితే ఎలాగూ 60కి దిగుతావు. ఆ రెండు రోడ్ల మైలేజీ విడివిడిగా కొలిచి చూడు, నేను చెప్పనక్కర్లేదు.

ఎదురుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వానాకాలంలో మనకు గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచే వీస్తుంది. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా బోధన్ వచ్చే 63వ నంబరు రహదారి దాదాపు పడమటికే సాగుతుంది. అంటే ఆ నెలల్లో ఇంటికి వచ్చే దారంతా ఎదురుగాలే. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురైతే, నువ్వు 60లో వస్తున్నా బండికి మాత్రం 80లో పోతున్నంత అడ్డు తగులుతుంది. పోయేటప్పుడు అదే గాలి వెనక నుంచి సాయం పడుతుంది. అందుకే మైలేజీ కొలిస్తే రాను పోను కలిపి కొలవాలి. ఒకవైపు ప్రయాణం చూసి బండిని తిట్టకూడదు. హైదరాబాద్ మనకంటే నూరు మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కదా, ఎక్కుడుకు పెట్రోలు తాగుతుందేమో అని అడుగుతావు. ఆ ఎత్తంతా ఎక్కడానికి అర గ్లాసు పెట్రోలు కూడా పట్టదు. దాన్ని వదిలెయ్.

ఇక పెట్రోల్లో కలిపే ఇథనాల్ సంగతి. అది మన బోధన్ ముచ్చటతోనే మొదలుపెట్టాలి. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాల్వల్లోకి వచ్చాక ఈ నేలంతా చెరకు వేశారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. నేను ఆ పొగగొట్టం చూస్తూ పెరిగినవాణ్ణి. గానుగ సీజనులో ఊరంతా తీపి వాసన వేసేది. 2015 డిసెంబరులో అది మూతపడ్డప్పుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. చక్కెర గడ్డకట్టాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవం పేరు మొలాసిస్. అందులోంచి ఇంకా చక్కెర తీయడం గిట్టుబాటు కాదు గాని, ఈస్టు అనే సూక్ష్మజీవికి అది విందు. ఆ చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. ఒక టన్ను మొలాసిస్ నుంచి రెండు వందల లీటర్లకు పైగా ఆల్కహాలు వస్తుంది. దాన్నెంత బట్టీ పట్టినా 95 శాతం దగ్గర ఆగిపోతుంది, మిగిలిన నీరు వదలదు. ఆ నీటి అణువులను మాత్రమే లోపలికి పీల్చుకునే జియోలైట్ గుళికల గుండా పంపితేనే బండికి పనికొచ్చే ఇథనాల్ అవుతుంది. ఇప్పుడు దేశంలో చెరకు కంటే ధాన్యం నుంచి, ముఖ్యంగా మొక్కజొన్న నుంచి వచ్చే ఇథనాలే ఎక్కువ. మన జిల్లా రైతుకు రెండు పంటలూ తెలిసినవే.

ఇథనాల్‌ను బండి నడపడానికి వాడాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1948లోనే దేశంలో పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. పెట్రోల్లో పది శాతం కలపడం 2022 జూన్ నాటికి, ఇరవై శాతం 2025లో దేశమంతా సాధించారు. ఈరోజు నువ్వు బంకులో పోయించుకునేది ఆ ఇరవై శాతందే. ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ముందే ఇరుక్కొని ఉంటుంది. కిలో ఇథనాల్లో దాదాపు 350 గ్రాములు ఆక్సిజనే. ఆక్సిజన్ మండించడానికి తోడ్పడుతుందే తప్ప తాను ఇంధనం కాదు. అందుకే లీటరు ఇథనాల్లో శక్తి 21 మెగాజౌళ్లే. ఎనభై పాళ్ల పెట్రోలూ ఇరవై పాళ్ల ఇథనాలూ కలిపి లెక్క కట్టు. లీటరుకు 30 మెగాజౌళ్లకు కొంచెం తక్కువ వస్తుంది. అంటే ఏడు శాతం దాకా తగ్గుదల. కానీ రోడ్డు మీద అంత పడదు. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలిని చల్లబరుస్తుంది, ఇంజన్ దాన్ని కొంచెం పొదుపుగా వాడుకోగలదు. 2021లో నీతి ఆయోగ్ నివేదిక ద్విచక్ర వాహనాలకు మూడు నాలుగు శాతం నష్టం ఉంటుందని చెప్పింది. అది మామూలు పెట్రోలు కోసం తయారై, పది శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన బండ్ల మాట.

నీ బండికి పెట్టి చూస్తే 35లో ఒకటో రెండో కిలోమీటర్లు ఇథనాల్ ఖాతాలోకి పోతాయి. అది కూడా నీ 35 ఏ సంవత్సరపు 35 అన్నదాన్ని బట్టి. 2022 తర్వాత కొలిచిందైతే అప్పటికే అందులో పది శాతం ఇథనాల్ ఉంది, కొత్తగా పోయింది ఇంకా తక్కువ. ఏడు కిలోమీటర్లూ ఇథనాలే తిన్నదని చెప్పేవాళ్ల మాట వినకు, ఏమీ తినలేదని చెప్పేవాళ్ల మాటా వినకు. ఈ ముక్కను మాత్రం ఏ మెకానిక్కూ తెచ్చివ్వలేడు.

అయితే నీళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. ఇథనాల్ నీటిని కలుపుకుంటుంది, ఒక హద్దు దాటాక మాత్రం నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. ట్యాంకు మూత చుట్టూ పడ్డ వాననీరు పోవడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. మన నల్లరేగడి దుమ్ముకు అది పూడుకుపోతే నీళ్లు మూత చుట్టూ నిలిచి మెల్లగా లోపలికి దిగుతాయి. సన్నటి తీగతో ఆ రంధ్రం తెరిచి పెట్టుకో. వానాకాలంలో బండిని వారాల తరబడి సగం ట్యాంకుతో వదిలెయ్యకు.

టైరు హవా సంగతి నీకు కొత్త కాదు, కానీ ఎప్పుడు చూస్తున్నావన్నది ముఖ్యం. పదిహేను కిలోమీటర్లు తోలి పంక్చర్ దుకాణంలో చూపిస్తే వేడికి లోపలి గాలి వ్యాకోచించి అంకె సరిగ్గానే కనబడుతుంది. బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఇద్దరు కూర్చొని సామాను కట్టినప్పుడు ఎంత ఉండాలో బండి మీదే స్టిక్కరు ఉంటుంది, వెనక చక్రానికి అది ఎక్కువ. హవా తగ్గిన టైరు మీద పోవడమంటే దమ్ము చేసిన మడిలో నడవడమే. ప్రతి చుట్టులో రబ్బరు నలిగి మళ్లీ సాగుతుంది, ఆ శ్రమంతా వేడిగా మారుతుంది.

బ్రేకు చూడటం ఇంకా సులువు. మెయిన్ స్టాండు వేసి గేరు న్యూట్రల్లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పు. నాలుగైదు చుట్లు నిశ్శబ్దంగా తిరిగితే మంచిదే. సర్రుమని ఆగితే బ్రేకు పట్టుకుంటున్నట్టు. ముందు చక్రానికి ఇంకో ఉపాయం ఉంది. ఖాళీ రోడ్డు మీద కొంత దూరం బ్రేకు పెద్దగా ముట్టకుండా వచ్చి ఆగాక డిస్కు మీద రెండు నీటి చుక్కలు చిలకరించు. చుయ్యిమంటే కాలిపర్ లోపలి పిస్టన్ వెనక్కి రావడం లేదు. చెరకు బండ్లు, ట్రాలీలు తిరిగే పొలం బాటల బురద అందులో ఎండి గట్టిపడుతుంది. చైను కూడా అంతే. మనిషి కూర్చున్నాక బిగుసుకుపోయేంత టైటుగా పెట్టకూడదు, ఎండిపోయి కరకరలాడేలా వదలకూడదు.

ఎయిర్ ఫిల్టర్ మురికి పడితే మైలేజీ పడుతుందన్నది కార్బొరేటర్ బండ్ల కాలపు మాట. గాలి తగ్గితే అక్కడ పెట్రోలు పాలు ఎక్కువయ్యేది. 2020 తర్వాతి బండ్లలో ఆక్సిజన్ సెన్సరు సైలెన్సర్ లోని పొగను చూసి పెట్రోలును తగ్గించేస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో కార్ల మీద చేసిన పరీక్షల్లో, ఫిల్టర్ మూసుకుపోయినా కొత్త ఇంజన్ల మైలేజీ మారలేదు, లాగుడు మాత్రం తగ్గింది. వరికోతల దుమ్ములో తిరిగే బండికి ఫిల్టర్ మార్చాల్సిందే, ఇంజన్ ఆయుష్షు కోసం. మైలేజీ అందులో దొరుకుతుందని మాత్రం ఆశపడకు. అనుమానించాల్సింది ఆ సెన్సర్లనే. ఇంజన్ వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందని చెప్పే సెన్సరు ఉంటే, దారంతా చోక్ లాగి తోలినట్టే పెట్రోలు పోస్తూ ఉంటుంది. ప్లగ్గు విప్పితే ఆ గుట్టు తెలుస్తుంది. బిస్కెట్ రంగులో ఉంటే కాలుడు సరిగ్గా ఉంది. పొడి నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది.

క్లచ్ జారుడు ఒక్కటి మిగిలింది. పై గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పు. శబ్దం పెరిగి బండి పెరగకపోతే ప్లేట్లు అరిగాయి. ఇవేవీ కాకపోతే అప్పుడు వాల్వుల సందు, కంప్రెషన్ చూపిద్దాం, అప్పుడు ఇంజన్ విప్పినా నేను వద్దనను.

కానీ అన్నీ ఒకే రోజు చేయకు బిడ్డా. హవా కొట్టించి, చైనుకు నూనె వేసి, పెట్టెలు విప్పి, ప్లగ్గు మార్చి, నెమ్మదిగా తోలి, ఆ తర్వాత 34 వచ్చిందంటే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ట్యాంకుకు ఒక్క మార్పే చెయ్. ఈ ట్యాంకుకు హవా, బ్రేకు సరిచూసుకొని ఎప్పటిలాగే తోలు. తర్వాతి ట్యాంకుకు పెట్టెలు ఇంట్లో దించిపెట్టి అదే దారిలో అదే వేగంతో పోయి రా. ఆ తర్వాతి దానికి పెట్టెలు మళ్లీ కట్టుకొని 90 బదులు 70 మీద. అంకెలు డైరీలో రాసి తీసుకురా, కూర్చొని చూద్దాం.