చూడీ పోయిన ఫోర్కుకు తీగ చుట్ట

మౌంటెన్ సైకిల్ ముందు బ్రేకు కాలిపర్‌ను ఫోర్కుకు పట్టి ఉంచేవి రెండే రెండు బోల్టులు. మందం ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్లు. అలెన్ కీతో బిగిస్తుంటే ఉన్నట్టుండి పట్టు వదిలేసి బోల్టు ఊరికే తిరిగిందంటే లోపల చూడీ, అంటే మర, పోయినట్టే. బోల్టు బయటికి తీసి చూడండి, దాని గాడుల్లో బూడిదరంగు లోహపు పీచు చుట్టుకుని వస్తుంది. అది ఫోర్కు మరే.

అంతమాత్రాన వేలు పోసి కొన్న ఫోర్కును పారేయాలా? అక్కర్లేదు. చక్కగా బాగుచేస్తే ఆ రంధ్రం కొత్తదానికన్నా గట్టిగా ఉంటుంది.

మంచి ఫోర్కుల కింది కాళ్లను మెగ్నీషియం మిశ్రమంతో పోతపోస్తారు. మెగ్నీషియం నీటికన్నా 1.74 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, ఉక్కు దాదాపు 7.8 రెట్లు. తేలికే గానీ మెత్తన. 6 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించిన ఆ చిన్న బోల్టు సుమారు 500 కిలోల బలంతో లాగుతుంది. అందులో మూడో వంతు మొదటి చుట్టు మీదే పడుతుంది. మట్టి ఉన్నా, వంకరగా ఎక్కించినా, పొట్టి బోల్టు వేసినా ముందు తెగేది అదే. ఆ తర్వాత మిగతావి వరసగా పోతాయి.

ఈ బాధ మొదట విమానాలది. అల్యూమినియం ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గులు తీసి పెడుతుంటే మరలు అరిగిపోయేవి. 1930లలో న్యూయార్క్‌లోని ఎయిర్‌క్రాఫ్ట్ స్క్రూ ప్రొడక్ట్స్ కంపెనీ ఉక్కు తీగను చుట్టి రంధ్రంలోకి ఎక్కించే పద్ధతి తెచ్చింది. ఏరో-థ్రెడ్ పేరుతో అది రెండో ప్రపంచ యుద్ధపు విమానాల్లోకి వెళ్లింది. ఇవాళ మనం హెలికాయిల్ అంటున్నది దాన్నే.

చూడ్డానికి పెన్నులోని స్ప్రింగులా ఉంటుంది. కానీ తీగ గుండ్రం కాదు, అడ్డంగా కోస్తే నాలుగు పలకల వజ్రాకారం. బయటి అంచు ఫోర్కు లోహంలో కూర్చుంటుంది, లోపలి అంచు బోల్టుకు కొత్త మర అవుతుంది. దానికోసం కొట్టే మర పెద్దది, సుమారు 7.3 మిల్లీమీటర్లు. కాబట్టి మెత్తటి లోహం పట్టే చుట్టుకొలత ఐదో వంతు పెరుగుతుంది. బోల్టు ఎన్నిసార్లు తీసి పెట్టినా రాసుకునేది ఉక్కుతోనే.

మా పటాన్‌చెరు పారిశ్రామికవాడకు ఇలా మరలు బాగుచేసే పని కొత్తేమీ కాదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. పాశమైలారం, బొల్లారం దాకా లేత్ షాపులు, టర్నర్లు, ఫిట్టర్లు పెరిగారు. మోటార్‌సైకిల్ హెడ్‌లో ప్లగ్ చూడీ పోతే బుష్ వేయించడం ఇక్కడి మెకానిక్‌లకు తెలిసిన పనే. ఆ నైపుణ్యం సైకిల్ దాకా రావాలన్నదే నా కోరిక. కొల్లూరు-నార్సింగి సైకిల్ దారి 2023లో తెరిచాక మంచి సైకిళ్లు ఈ వైపు కూడా తిరుగుతున్నాయి కదా.

హెలికాయిల్ వేసే పనిలో ప్రాణమంతా డ్రిల్లింగులోనే ఉంది. 6.3 మిల్లీమీటర్ల బిట్టు నిటారుగా దిగాలి, లోతు ముందే గుర్తు పెట్టుకోవాలి. వంకరపోతే కాలిపర్ డిస్కుకు సమంగా కూర్చోదు. మెగ్నీషియం పొట్టు అంటుకుంటే ఆర్పడం కష్టం, దగ్గర్లో నిప్పురవ్వ ఉండకూడదు. మర కొట్టే ట్యాప్‌ను అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించాలి. తీగను పైఅంచుకు కాస్త దిగువ దాకా ఎక్కించి, అడుగున ఉన్న తోకను విరిచి బయటికి తీసేయాలి. ఉక్కు, మెగ్నీషియం తడిలో కలిస్తే మెగ్నీషియాన్నే తుప్పు తింటుంది, అందుకని సీలెంటు పూత తప్పనిసరి. రంధ్రం చుట్టూ పగులు కనిపిస్తే మాత్రం బాగుచేయించాలని చూడకండి, ఆ కాలు మార్చాల్సిందే.

బ్రేకు పడ్డప్పుడు కాలిపర్ జారకుండా ఆపేది చాలావరకు ఆ బిగుతు వల్ల పుట్టే రాపిడే. బోల్టు ఊరికే తిరుగుతున్న సైకిల్‌ను ఇంటిదాకా కూడా తొక్కకండి, నడిపించుకు వెళ్లండి. లావు బోల్టు బలవంతంగా దూర్చకండి. సైకిల్ దుకాణాలవారికి ఒక మనవి: 6 మిల్లీమీటర్ల హెలికాయిల్ కిట్టు ఒకటి, టార్క్ రెంచ్ ఒకటి కొని ఉంచుకోండి.