కార్డు చేతిలో, ఆసుపత్రి విశాఖలో

సోంపేట, మందస, టెక్కలి, బొబ్బిలి, గజపతినగరం. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఊళ్లలో తెల్లారేసరికి కుర్రాళ్లు రోడ్డు మీద పరుగు తీస్తూ కనిపిస్తారు. మిలటరీలో చేరాలని వాళ్ల ఆశ. అదే వీధిలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు అలా పరుగెత్తి భర్తీ అయినవాడే. పదిహేనేళ్లో పదిహేడేళ్లో సరిహద్దుల్లో తిరిగి, నలభై దాటకముందే నాయక్‌గానో హవల్దారుగానో ఇంటికొచ్చాడు. వెంట తెచ్చుకున్న కాగితాల్లో పింఛను పత్రం తర్వాత అంత విలువైనది ఈసీహెచ్‌ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం కార్డు.

ఆ కార్డు ధర ఎలా పెరిగిందో చూడండి. 1996 జనవరి 1కి ముందు రిటైరైన సైనికుడు అందులో చేరడానికి రూపాయి కట్టనక్కర్లేదు. 2003 ఏప్రిల్ 1న పథకం మొదలైనప్పుడు మిగతావాళ్లు పింఛనును బట్టి 1,800 నుంచి 18,000 రూపాయల దాకా ఒకసారి కట్టారు. 2017 డిసెంబరు చివర్లో ఆ మొత్తం హవల్దారు వరకు 30,000, జేసీఓలకు 67,000, ఆఫీసర్లకు 1,20,000 అయింది. జీవితాంతం భార్యాభర్తలకూ, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకూ వైద్యం అంటే ఇప్పటికీ ఇది మంచి ఒప్పందమే. ఏ ప్రైవేటు పాలసీ దీనికి సాటిరాదు. అందుకే ఆ ఒప్పందం పూర్తిగా అమలు కావాలని అడగాల్సి వస్తోంది.

శ్రీకాకుళంలో, విజయనగరంలో పాలీక్లినిక్‌లు ఉన్నాయి. బీపీ, షుగరు మాత్రలకు, మామూలు జబ్బులకు అవి ఆదుకుంటాయి. చిక్కంతా రిఫరల్ చీటీ రాసిన తర్వాతే. పలాస దగ్గరి ఊళ్లో ఒక మాజీ హవల్దారు ఇంటి లెక్క వేద్దాం. భార్యకు గుండె పరీక్షలు కావాలి. శ్రీకాకుళం పాలీక్లినిక్‌కు డెబ్బై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అక్కడి నుంచి విశాఖకు మరో వంద దాటుతుంది. కారు కిరాయి, లాడ్జి, తోడు వచ్చినవాళ్ల తిండి, పోయిన కూలి దినాలు... వీటిలో చాలావరకు సొంత జేబు నుంచే పోతుంది. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే దగ్గర్లో ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్లొచ్చు, 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ ఆసుపత్రి జాబితాలో లేకపోతే మాత్రం ముందు సొంత డబ్బు కట్టాలి. తర్వాత తిరిగొచ్చేది ప్రభుత్వ రేటు ప్రకారమే. మధ్యలో మిగిలిన తేడాను ఇంట్లో బంగారం తీరుస్తుంది.

పెద్ద ఆసుపత్రులు ఇక్కడికి తగినన్ని ఎందుకు రావు? జవాబులో కొంత భాగం ప్రభుత్వ రేట్లలోనే ఉంది. ఈసీహెచ్‌ఎస్ చెల్లింపులు కేంద్ర ఉద్యోగుల పథకమైన సీజీహెచ్‌ఎస్ రేట్లను అనుసరిస్తాయి. ఏళ్ల తరబడి పెద్దగా కదలని ఆ రేట్లను 2025 అక్టోబరు 13 నుంచి సవరించారు. మంచిదే. కానీ మహానగరాలకు ఒక రేటు పెట్టి, విశాఖ లాంటి రెండో శ్రేణి నగరాలకు 10 శాతం, శ్రీకాకుళం, విజయనగరం లాంటి మూడో శ్రేణి పట్టణాలకు 20 శాతం తగ్గించారు. చిన్న ఊళ్లో ఖర్చులు తక్కువన్నది దాని వెనుక లెక్క. స్టెంటుకు ఊరును బట్టి ధర మారదు. గుండె డాక్టరును విశాఖ వదిలి శ్రీకాకుళంలో కాపురం పెట్టమంటే జీతం ఎక్కువే ఇవ్వాలి. ఆసుపత్రులు తక్కువున్న చోట రేటు పెంచాల్సింది పోయి తగ్గించడం నాకు ఎంత ఆలోచించినా సబబుగా తోచదు. రాష్ట్ర పథకం ఆరోగ్యశ్రీదీ ఇదే కథ. 2007 ఏప్రిల్ 1న దాని తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పథకం ముందుగా ఇక్కడికి వచ్చింది, కార్పొరేట్ ఆసుపత్రులు మాత్రం ఎక్కువగా విశాఖలో పెరిగాయి.

రిటైరైన మాస్టార్ల సంగతీ ఇంతే. రాష్ట్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు 2013లో ఆరోగ్య పథకం ఈహెచ్‌ఎస్ వచ్చినప్పుడు నెలకు 90, 120 రూపాయలు కోసేవారు. అది 225, 300 అయింది, రెండున్నర రెట్లు. కోతకు ఎవరూ పెద్దగా బాధపడరు. ‘‘మా దగ్గర ఈ కార్డు నడవదు, క్యాష్ కట్టండి’’ అని కౌంటరులో చెప్పినప్పుడే కడుపు మండుతుంది. ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని, ఈ కార్డు కూడా చెల్లాల్సిన ప్రైవేటు ఆసుపత్రులు 2024 మేలో, మళ్లీ 2025 అక్టోబరులో ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. బకాయి ప్రభుత్వానిది, పడిగాపులు రోగివి. రీయింబర్స్‌మెంటు ఉందంటారు. ముందు లక్షలు పెట్టగలిగినవాడికే అది ఉపయోగం. 2018 ఏప్రిల్‌లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది: ఆసుపత్రి జాబితాలో లేదన్న ఒక్క కారణంతో రిటైరైన ఉద్యోగి బిల్లును తిరస్కరించకూడదు. ఆ తీర్పు ప్రతి పెన్షనర్ల సంఘం గోడ మీదా అంటించుకోదగ్గది.

నమ్మకం సడలిన చోట భయం పాలసీ కొనిపిస్తుంది. కార్డున్నా సరే, పిల్లలు పోరుపెట్టి తల్లిదండ్రుల పేరిట ప్రైవేటు బీమా తీసుకుంటున్నారు. ఒకే వైద్యానికి రెండుసార్లు చెల్లింపు! 2025 జనవరి 30న బీమా నియంత్రణ సంస్థ, వృద్ధుల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే తనను ముందుగా సంప్రదించాలని కంపెనీలను ఆదేశించింది. ఊరటే గానీ, ఏటా ఆ 10 శాతమే పెరిగినా 40,000 ప్రీమియం ఏడేళ్లలో 78,000కు చేరుతుంది. పింఛను ఆ వేగంతో పెరగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఆ మినహాయింపు గ్రూపు పాలసీలకు ఇవ్వలేదు. బ్యాంకుల్లో రిటైరైనవాళ్లు ఎక్కువగా ఉన్నది గ్రూపు పాలసీల్లోనే.

డెబ్బై నిండిన అందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన 2024 అక్టోబరు 29న మొదలైంది. ఈసీహెచ్‌ఎస్, సీజీహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. మాజీ సైనికులు తొందరపడి పాతది వదులుకోవద్దు. ఈసీహెచ్‌ఎస్‌కు 5 లక్షల పరిమితి లేదు.

ఇక ఇప్పుడు రోడ్డు మీద పరుగెత్తుతున్న కుర్రాళ్లు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద నాలుగేళ్ల సర్వీసు తర్వాత నాలుగింట ఒక వంతు మందినే కొనసాగిస్తారు. మిగిలినవాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది. పింఛను ఉండదు, మాజీ సైనికుడి హోదా ఉండదు, ఈసీహెచ్‌ఎస్ కార్డూ ఉండదు. తొలి విడత వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. తాతకు ఉచితంగా, తండ్రికి 30,000కు దొరికినది మనవడికి ఏ ధరకూ దొరకదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల మధ్య పుట్టి పెరిగిన కుర్రాడికి ఇది చిన్న విషయం కాదు. కనీసం హవల్దారు కట్టే 30,000 కట్టి చేరే అవకాశమైనా వాళ్లకివ్వాలి. తొలి విడత ఇంటికి చేరేలోగా ఆ ఉత్తర్వు రావాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.