పేరు చెరిగినా దారి మిగిలింది

2022 నవంబరు 29న టాటా సన్స్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఓ ప్రకటన చేశాయి, తమ ఉమ్మడి విమాన సంస్థ విస్తారాను ఎయిరిండియాలో కలిపేస్తున్నామని. 2015 జనవరిలో తొలి విమానం ఎగరేసిన సంస్థ అది. ఎనిమిదేళ్లు నిండకుండానే దాని పేరుకు గడువు పడిపోయింది. ఆ తర్వాత నాలుగు నెలలకు, 2023 మార్చి 26న, అదే విస్తారా ముంబయి నుంచి మారిషస్‌కు కొత్త సర్వీసు ప్రారంభించింది. ఏడాది చివర్లో, డిసెంబరు 1న, దిల్లీ నుంచి బాలికి మరొకటి. ఇల్లు ఖాళీ చేయబోతున్నవాళ్లు పెరట్లో మామిడి మొక్క నాటినట్టుగా లేదూ!

విమానయానం లెక్కలు తెలిసినవాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించదు. విలీనం అన్నమాట కాగితం మీద పడిన రోజుకీ, అది నిజంగా జరిగే రోజుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. భారత కాంపిటీషన్ కమిషన్ 2023 సెప్టెంబరు 1న షరతులతో ఒప్పుకుంది. సింగపూర్ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో సరేనంది. జూన్‌లో కంపెనీ లా ట్రైబ్యునల్, ఆగస్టు చివర్లో విదేశీ పెట్టుబడికి కేంద్రం అనుమతి. అన్నీ అయ్యేసరికి 2024 నవంబరు 12 వచ్చింది. దాదాపు రెండేళ్లు. అన్నాళ్లూ కొత్త విమానాలు వస్తూనే ఉంటాయి. నేల మీద నిలబెట్టినా వాటికి అద్దె కట్టాల్సిందే.

దారి అంటే ఆకాశంలో గీసిన గీత ఒక్కటే కాదు. ఫలానా ఎయిర్‌పోర్టులో ఫలానా సమయానికి దిగి, ఎగిరే హక్కు కావాలి. దాన్నే స్లాట్ అంటారు. సీజన్‌లో కనీసం 80 శాతం సార్లు వాడకపోతే మరుసటి ఏడాదికి అది చేజారుతుందన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. ముంబయిలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్తాయి కాబట్టి ఒక్కటి ఉన్నట్టే లెక్క. అలాంటిచోట చేతిలో ఉన్న స్లాటును ఎవరు వదులుకుంటారు? దానికి తోడు రెండు దేశాల మధ్య వారానికి ఇన్ని సీట్లని ఒప్పందాలుంటాయి. దుబాయ్‌కి ఆ కోటా ఎప్పుడో నిండిపోయింది. సెలవులకు విదేశాలకు వెళ్లే మధ్యతరగతి పెరుగుతున్న కాలంలో, వీసా తిప్పలు పెద్దగా లేని మారిషస్, బాలి లాంటి దీవులు కొత్త సర్వీసులకు అనువుగా దొరికాయి. మార్చి 26 తేదీ కూడా యాదృచ్ఛికం కాదు. ఏటా మార్చి ఆఖరి ఆదివారంతో విమానాల వేసవి టైంటేబుల్ మొదలవుతుంది. అది ఆ ఆదివారమే.

ముంబయి నుంచి మారిషస్‌కు దాదాపు 4,700 కిలోమీటర్లు. ఆరు గంటలకు పైగా ప్రయాణం, దాదాపు అంతా సముద్రం మీదే. ఒకప్పుడు ఇంత దూరానికి ఎక్కువగా రెండు నడవల పెద్ద విమానాలనే వాడేవారు. తక్కువ ఇంధనంతో నడిచే ఎయిర్‌బస్ నియో రకాలు వచ్చాక ఒకే నడవ ఉన్న విమానంతోనూ ఆ పని జరుగుతోంది. అయితే దీవికి వెళ్లడం ఊరికి వెళ్లినట్టు కాదు. హైదరాబాద్‌లో దిగడం కుదరకపోతే బెంగళూరో చెన్నైయో ఉంటుంది. ఇక్కడ రెండు ఇంజిన్లలో ఒకటి ఆగినా రెండోదానితో నిర్ణీత సమయంలో చేరగల విమానాశ్రయం దారి పొడవునా ఉండి తీరాలి. అందుకే ఎగరకముందే పైలట్లు మాల్దీవులనూ సీషెల్స్‌నూ లెక్కలోకి తీసుకుంటారు. చివర్లో మారిషస్ రన్‌వే మూతపడితే పక్కనున్న ఫ్రెంచి దీవి రీయూనియన్ దిక్కు. తుపాను వస్తే ఆ రెండింటినీ కలిపి ముంచవచ్చు. 2024 జనవరిలో బెలాల్ తుపాను రీయూనియన్‌ను తాకి, మారిషస్ రాజధాని పోర్ట్‌లూయీ వీధుల్లో కార్లు కొట్టుకుపోయేంత వరద తెచ్చింది. అలాంటి రోజుల కోసం అదనంగా ఇంధనం మోయాలి. ఇంధనం పెరిగితే ఆ మేరకు బరువు ఎక్కడో తగ్గాలి. దాంతో కొన్ని సీట్లు అమ్మకుండా వదిలేయాల్సి రావచ్చు, కొంత సరుకు దించేయాల్సి రావచ్చు. దీవుల సర్వీసుల్లో లాభనష్టాలు కొంతవరకు తేలేది ఇక్కడే.

ఈ విస్తరణ మొత్తాన్నీ నేను మెచ్చుకోలేను. 2024 ఏప్రిల్ మొదట్లో ఏం జరిగిందో ప్రయాణికులకు గుర్తుండే ఉంటుంది. విలీనంలో భాగంగా విస్తారా పైలట్ల జీతాల ఒప్పందం మార్చారు. నెలకు 70 గంటలకు హామీగా వచ్చే జీతం 40 గంటలకు తగ్గింది. పైలట్లు పెద్ద సంఖ్యలో సెలవు పెట్టారు. విమానాలు వరసగా రద్దయ్యాయి. చివరికి రోజుకు పాతిక నుంచి ముప్ఫై సర్వీసులు, అంటే దాదాపు పదో వంతు, తగ్గించుకుంటున్నామని సంస్థే ప్రకటించింది. కొత్త గమ్యాల ప్రకటనలు పత్రికల్లో మెరుస్తున్నప్పుడు రిజర్వులో ఉండాల్సిన పైలట్లు ఉన్నారా లేదా అన్నది ఎవరూ అడగలేదు. రోస్టర్ బిగుసుకుపోయి మనుషులు అలసిపోయారు. విలీనాల్లో విమానాలను లెక్కపెట్టినంత శ్రద్ధగా మనుషుల విశ్రాంతిని లెక్కపెట్టరు. అది నాకు బాధ కలిగించే విషయం.

2024 నవంబరు 11 రాత్రి విస్తారా విమానాల ‘యూకే’ అన్న కోడ్ ఆఖరిసారి తెరలమీద కనిపించింది. అర్ధరాత్రికి అటూ ఇటుగా దోహా నుంచి ముంబయికి బయల్దేరిన విమానం ‘ఏఐ 2286’ అన్న నంబరుతో ఎగిరింది. ప్రతి పాత విస్తారా నంబరుకూ ముందు 2 చేర్చారు. అదే విమానం, అదే సిబ్బంది, వంకాయరంగు తోక కూడా అలాగే ఉంది. సుమారు 2.7 లక్షల మంది టికెట్లు, 45 లక్షల మంది విస్తారా క్లబ్ సభ్యుల పాయింట్లు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారాయి. 2025 జూన్‌లో ఇండొనేషియాలోని లెవొటోబి అగ్నిపర్వతం బద్దలై బూడిద ఎగజిమ్మినప్పుడు, దారి మధ్యలో దిల్లీకి తిరిగొచ్చిన బాలి విమానం నంబరు ఏఐ 2145. ఆ ముందున్న 2ను తీసేస్తే విస్తారా తెరిచిన దారే.

మారిషస్ విషయంలో మనకు ఇంకో లెక్క ఉంది. 1834 నుంచి దాదాపు తొంభై ఏళ్లపాటు ఒప్పంద కూలీలుగా నాలుగున్నర లక్షల మంది ఆ దీవిలో దిగారు. వాళ్లలో కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి ఓడెక్కిన తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్ల మనవలూ మునిమనవలూ నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, రామభజనలు పాడతారు, అమ్మోరు పండుగ జరుపుతారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దేశంలోనే జరిగాయి. తాతముత్తాతల ఊరు వెతుక్కుంటూ విజయనగరం, శ్రీకాకుళం వచ్చేవాళ్లకు ముంబయి మీదుగా ఓ అదనపు సర్వీసు రావడం చిన్న మేలు కాదు.

అయినా ముంబయే ఎందుకు? పటం తీసి కొలవండి. నేరుగా గీత గీస్తే మారిషస్‌కు ముంబయి నుంచి ఎంత దూరమో హైదరాబాద్ నుంచీ ఇంచుమించు అంతే. తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. విశాఖ నుంచైతే అయిదు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఈనాటి నియో విమానాలకు అదేమీ అందని దూరం కాదు. అడ్డొచ్చేది సీట్లు నింపడం. ముంబయిలో దేశం నలుమూలల నుంచీ వచ్చి దిగే ప్రయాణికులు ఉంటారు, ఖరీదైన టికెట్లు కొనేవాళ్లూ దొరుకుతారు. రోజూ కాకపోయినా వారానికి రెండు రోజులు, శీతాకాలపు పెళ్లిళ్ల సీజన్‌లోనో ఉగాది ముందో హైదరాబాద్ నుంచి నడిపి చూస్తే నిండుతుందో లేదో తేలిపోతుంది. విలీనంతో విమానాలూ స్లాట్లూ రెండూ ఇప్పుడు ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. ఆ ప్రయోగం చేసేదాకా కనీసం విశాఖలో వేసిన పెట్టె మధ్యలో మళ్లీ తీసుకునే పని లేకుండా మారిషస్‌లోనే చేతికి అందేలా, ముంబయిలో మారడానికి సరిపడా వ్యవధి ఉండేలా, రెండు విమానాలకూ ఒకే టికెట్ ఇస్తూ టైంటేబుల్ కుదర్చాలి. అందుకు కొత్త విమానమేమీ అక్కర్లేదు.