మూడు ఊళ్ళు, రెండు ప్లేట్లు: రోరీ గాలహర్ 'ఐరిష్ టూర్ 74'

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఎక్కడో ఐర్లాండ్ గిటారు వాద్యకారుడి గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు వాళ్ళు ప్లేట్లు మార్చి మార్చి వేసిన రోజులు పాత బ్యాచ్‌ల వారికి గుర్తుండే ఉంటాయి. అలాంటి ప్లేట్లే ఇవి కూడా, రెండు. మేము ముగ్గురం ఒక ఆదివారం కూర్చుని నాలుగు వైపులా విన్నాం. ఇంగ్లీషు మాటలు సగం అర్థం కాలేదు. అయినా ఆ కచేరీలు ఎక్కడ, ఎలాంటి రోజుల్లో జరిగాయో తెలుసుకున్నాక మళ్ళీ మొదటి నుంచి విన్నాం. ఆ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

రోరీ గాలహర్ 1948 మార్చి 2న ఐర్లాండ్‌లోని డొనెగల్ జిల్లా బాలీషానన్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి నది మీద కడుతున్న జలవిద్యుత్ ప్రాజెక్టులో పనిచేసేవాడు. కుటుంబం తరువాత డెర్రీకి, అక్కడి నుంచి దక్షిణాన కార్క్ నగరానికి మారింది. కుర్రవాడికి రేడియోయే గురువు. యూరప్‌లో ఉన్న అమెరికా సైనికుల కోసం నడిచే రేడియోలో రాత్రిపూట నల్లవాళ్ళ బ్లూస్ పాటలు వచ్చేవి. అవి విని వాయించడం నేర్చుకున్నాడు.

బ్లూస్ అంటే ఏమిటో ఒక్క మాట చెప్పాలి. అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో బానిసలుగా బతికినవారి బిడ్డలు, మనవలు కట్టుకున్న పాట అది. మామూలుగా పన్నెండు తాళఖండాలు, మూడే మూడు స్వరమేళాలు. ఒక మాట పాడతారు, అదే మాట మళ్ళీ పాడతారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. చట్రం ఇంత చిన్నది కాబట్టే పాడేవాడి గొంతులో ఏముందో దాచుకోవడం కుదరదు. మిసిసిపీ తోటల్లో కూలి చేసిన మడ్డీ వాటర్స్ 1943లో చికాగో చేరి, ఆ పాటకు కరెంటు గిటారు తగిలించాడు. ఆ మడ్డీ వాటర్స్ 1971 చివర్లో లండన్‌లో రికార్డింగు పెట్టుకున్నప్పుడు పక్కన గిటారు వాయించినవాళ్ళలో మన రోరీ కూడా ఉన్నాడు. అప్పటికి అతని వయసు 23 ఏళ్ళు.

ఇక ఆ గిటారు కథ. 1963లో, పదిహేనేళ్ళ వయసులో, కార్క్‌లోని క్రౌలీ అనే దుకాణంలో ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు చూశాడు. 1961లో తయారైనది, ఒకరు వాడి అమ్మేసింది. ధర దాదాపు వంద పౌండ్లు. ఆ ఇంటికి అది చాలా పెద్ద మొత్తం. వాయిదాల మీద తెచ్చుకున్నాడు. పెళ్ళిళ్ళకు, డాన్సు హాళ్ళకు హిట్ పాటలు వాయించే షోబ్యాండ్‌లో చేరాడు. డబ్లిన్‌లో ఒకసారి ఆ గిటారును దొంగలు ఎత్తుకుపోయారు, కొన్నాళ్ళకు మళ్ళీ దొరికింది. చెమటకు రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి లోపలి చెక్క బయటపడింది. అయినా దాన్ని మార్చలేదు, కొత్త రంగు వేయించలేదు. పేరు వచ్చాక కూడా అదే గిటారు, అవే గళ్ళ చొక్కాలు.

1966లో 'టేస్ట్' అనే బృందం కట్టాడు. 1970 చివరికి అది విడిపోయింది. 1971 నుంచి సొంత పేరుతో రికార్డులు మొదలయ్యాయి. 1974 జనవరిలో ఐర్లాండ్ పర్యటన పెట్టుకున్నాడు. బెల్‌ఫాస్ట్‌లో అల్‌స్టర్ హాల్, డబ్లిన్‌లో కార్ల్‌టన్ సినిమా, కార్క్‌లో సిటీ హాల్. ఈ మూడింటిలో బెల్‌ఫాస్ట్ పేరు దగ్గర కొంచెం ఆగాలి.

ఉత్తర ఐర్లాండ్‌లో అప్పుడు బ్రిటన్‌లోనే ఉండాలనేవారికీ, ఐర్లాండ్‌లో కలవాలనేవారికీ మధ్య నెత్తురు పారుతోంది. మొదటివారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, రెండోవారిలో ఎక్కువమంది కాథలిక్కులు. ఆ కాలాన్ని అక్కడివాళ్ళు 'ట్రబుల్స్' అంటారు. 1972 జనవరి 30న, రోరీ చిన్నతనం గడిచిన డెర్రీలోనే, ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపితే ఆరోజే 13 మంది చనిపోయారు. అదే ఏడాది జూలై 21న బెల్‌ఫాస్ట్‌లో గంటన్నర లోపల దాదాపు ఇరవై బాంబులు పేలాయి. 1998 ఒప్పందం కుదిరేనాటికి మొత్తం 3,500 మందికి పైగా పోయారు. అలాంటి ఊరికి పేరున్న బృందాలు రావడం దాదాపు మానేశాయి. వాళ్ళను తప్పుపట్టలేం, ప్రాణం ఎవరికైనా ప్రాణమే. రోరీ మాత్రం ఏటా వచ్చేవాడు. హాల్లో ఈ వాడవాళ్ళు, ఆ వాడవాళ్ళు ఒకే వరసల్లో కూర్చుని విన్నారు. బయట ఒకరి వీధిలోకి ఒకరు వెళ్ళని రోజులవి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రోజు రోరీతో వాయించిన ముగ్గురిలో బేస్ గిటారు గెరీ మెకవోయ్, కీబోర్డు లూ మార్టిన్ ఇద్దరూ బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాళ్ళే. డ్రమ్స్ వాయించిన రాడ్ డియాత్ వేల్స్ మనిషి. అంటే సగం బృందానికి అది పుట్టిన ఊరి కచేరీ. భయం ఉత్తుత్తిది కాదనడానికి మరుసటి ఏడాదే రుజువు వచ్చింది. 1975 జూలై 31న, కచేరీ ముగించుకుని వస్తున్న మయామీ షోబ్యాండ్ వ్యానును దారిలో ఆపి, ముగ్గురు వాద్యగాళ్ళను చంపేశారు.

రికార్డింగుకు రానీ లేన్ అనే సంగీతకారుడి సంచార స్టూడియో వాడారు. లారీ వెనక తగిలించే ట్రైలర్‌లో యంత్రాలన్నీ అమర్చి ఉంటాయి. దాన్ని హాలు పక్కన నిలిపి, లోపలికి వైర్లు లాగుతారు. టోనీ పామర్ ఈ పర్యటనను సినిమాగా కూడా తీశాడు. 1974 జూలైలో పాలిడోర్ కంపెనీ రెండు ప్లేట్ల ఆల్బమ్‌గా విడుదల చేసింది.

రెండు ప్లేట్లు ఎందుకు? ప్లేటు నిమిషానికి 33 చుట్లు, మరో మూడో వంతు తిరుగుతుంది. అంచు నుంచి లోపలికి సాగే ఒకే ఒక గాడిలో ముల్లు నడుస్తుంది. గాడికి ఉన్న రెండు గోడల్లో ఒకటి ఎడమ స్పీకరుకు, రెండోది కుడి స్పీకరుకు. శబ్దం పెద్దదైతే గాడి ఎక్కువగా ఊగుతుంది, చోటు ఎక్కువ కావాలి. పాటలు ఎక్కువ కుక్కితే గాళ్ళు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది. పైగా అంచు దగ్గర ఒక చుట్టు పొడవు దాదాపు 90 సెంటీమీటర్లు, లోపలి చివర 40 కూడా ఉండదు. అదే క్షణాల శబ్దం సగం కంటే తక్కువ జాగాలో సర్దుకోవాలి. అందుకే వైపుకు ఇరవై నిమిషాల చుట్టుపక్కల ఆపడం మంచిది. రోరీ కచేరీలో పాట పది నిమిషాలు దాటేది. మూడో వైపున ఉన్నవి రెండే పాటలు, 'వాక్ ఆన్ హాట్ కోల్స్', 'హూజ్ దట్ కమింగ్'.

ఈ రెండో పాటలో గిటారు ఏడ్చినట్టు, పిలిచినట్టు జారుతుంది. వేలికి గొట్టం తొడిగి తీగల మీద జార్చి వాయించే పద్ధతి అది. మొదటి వైపు 'ఐ వండర్ హూ' మడ్డీ వాటర్స్ పాట. రెండో వైపు 'యాజ్ ది క్రో ఫ్లైస్'లో బృందం అంతా తప్పుకుంటుంది. లోహపు ఒళ్ళున్న గిటారు, హార్మోనికా, ఒక్క మనిషి. అంత హాలూ ఒక అరుగంత అయిపోతుంది. మాకు బాగా పట్టుకున్నది ఆ వెంటనే వచ్చే 'ఎ మిలియన్ మైల్స్ అవే'. జనం మధ్య కూర్చుని కూడా ఎక్కడో దూరాన ఉన్నవాడి పాట. ఇంటి నుంచి పెట్టె మోసుకుని హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రి గుర్తున్నవాళ్ళకు దీనికి అనువాదం అక్కర్లేదు. నాలుగో వైపు కొంత సరదాగా ఉంటుంది. కచేరీ అయ్యాక తమలో తాము వాయించుకున్న ముక్క కూడా అందులో పెట్టారు. నిజం చెప్పాలంటే అది లేకపోయినా మాకు లోటు అనిపించేది కాదు.

రోరీ 1995 జూన్ 14న లండన్‌లో చనిపోయాడు. కాలేయ మార్పిడి చేశాక ఇన్ఫెక్షన్ సోకింది. వయసు 47. 2014లో మూడు ఊళ్ళ కచేరీలనూ విడివిడిగా చేర్చి పెద్ద సెట్టు తెచ్చారు. బెల్‌ఫాస్ట్ రాత్రిని ఇప్పుడు విడిగా వినవచ్చు. వాయిదాల మీద కొన్న ఆ గిటారు 2024 అక్టోబరులో లండన్ వేలంలో కమిషన్‌తో కలిపి దాదాపు తొమ్మిది లక్షల పౌండ్లకు పోయింది. కొన్నవారు దాన్ని ఐర్లాండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. 2025 జనవరిలో బెల్‌ఫాస్ట్ అల్‌స్టర్ హాల్ ముందు రోరీ విగ్రహం నిలబెట్టారు.

పాత ప్లేటు దొరికితే అంచులు పట్టుకుని ఎత్తండి, గాళ్ళ మీద వేలు పెట్టకండి. ఫోనులో వినేవాళ్ళు రెండో వైపు పాటల నుంచి మొదలుపెట్టండి, మొదటి వైపుకు తరువాత రావచ్చు.