అవసానవేళ వైద్యుని మాట

గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసియున్నవి. ఒకదానిలో యువవైద్యుడు, రెండవదానిలో, ఊపిరితిత్తుల క్యాన్సరు కాలేయమునకు వ్యాపించినదని ఇంకను ఎరుగని రోగిణి. ఆమె నిజమునకు రోగి కాదు, నటి. ఐనను, "ఈ మందు పనిచేయడం మానేసింది" అన్న మాట వినగానే ఆమె కన్నులలో నిండిన నీరు చూచి వైద్యుని కంఠము తడబడును. ఆ తడబాటును కప్పిపుచ్చుకొనుటకు అతడు స్కానింగు కొలతలను, కొత్త కీమోథెరపీ వివరములను గబగబ ఏకరువు పెట్టనారంభించును. అప్పుడు ప్రక్కన కూర్చున్న గురువు ఆటను నిలుపును. తప్పు చేసితివనడు, "ఎక్కడ చిక్కుకున్నావు?" అని మాత్రము అడుగును. శిష్యుడు తన చిక్కు చెప్పుకొన్న పిదప, అదే క్షణమునకు మరలి, ఈసారి వేరొక విధముగా ప్రయత్నింపుమనును.

అమెరికాలో ఆంథొనీ బ్యాక్, రాబర్ట్ ఆర్నాల్డ్ మొదలగు వైద్యులు "ఆంకోటాక్" అను పేర నడిపిన శిబిరములలోని పద్ధతి ఇది. కుట్లు వేయుట నేర్పినట్లే మాట నేర్పవచ్చునని, శిక్షణకు ముందును తరువాతను జరిగిన సంభాషణలను పోల్చి 2007లో వారు నిరూపించిరి.

అసలు మరణమును గూర్చి మాటాడుట వైద్యుడు నేర్వవలసిన విద్య యని తలచుటయే కొత్త. 1961లో డొనాల్డ్ ఓకెన్ అను మనోవైద్యుడు షికాగోలోని మైకేల్ రీస్ ఆసుపత్రిలో 219 మంది వైద్యులను విచారింపగా, క్యాన్సరు సోకినదని రోగికి చెప్పకుండుటయే మేలని నూటికి సుమారు 90 మంది తలచిరి. వారు క్రూరులు కారు. ఆశను కాపాడుచున్నామనియే నమ్మిరి. 1979లో డెన్నిస్ నోవాక్ బృందము రోచెస్టరులో అదే ప్రశ్న వేసినప్పుడు, చెప్పుటయే తమకిష్టమని నూటికి 97 మంది యనిరి. ఇరువది యేండ్లైన నిండకుండ ఒక వృత్తిధర్మము ఇట్లు తలక్రిందులైనది గాని, ఎట్లు చెప్పవలెనను విద్య దానితో కూడ రాలేదు. దాచిపెట్టు నిర్దయ పోయిన అనేకచోట్ల, వరండాలో నిలుచుండియే రెండు మాటలలో తేల్చివేయు మరియొక నిర్దయ వచ్చి చేరినది.

ఈ లోపమును పూరింప బూనినవారిలో టొరంటో నగరపు క్యాన్సరు వైద్యుడు రాబర్ట్ బక్‌మన్ ముఖ్యుడు. 1992లో ఆయన దీనిపై ఒక గ్రంథమే వ్రాసెను. 2000లో వాల్టర్ బెయిల్ మొదలగువారితో కలిసి ప్రకటించిన ఆరు మెట్ల క్రమము "స్పైక్స్" అను పేర నేడు దేశదేశములలో బోధింపబడుచున్నది. ఏకాంతమైన చోటు చూచుకొని కూర్చుండుట మొదలు, ఇకమీది చికిత్సను రోగితో కలిసి నిర్ణయించుట వరకు ఆ మెట్లన్నియు తెలిసినవిగానే తోచును. కాని రెండవ, మూడవ మెట్లయొద్ద ఆగి చూడవలెను. వైద్యుడు తాను చెప్పుటకు ముందు, "మీ జబ్బు గురించి ఇప్పటివరకు మీకేమి అర్థమైంది?" అని అడుగవలెను, పిమ్మట, "వివరాలన్నీ మీరే వింటారా, లేక ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?" అని అడుగవలెను. ఎంతవరకు తెలిసికొనవలెనో నిర్ణయించు అధికారము ఈ ప్రశ్నతో రోగి చేతికి వచ్చును.

తెలుగునాట ఈ మూడవ మెట్టు ఎంత అక్కరకు వచ్చునో ఆసుపత్రి ముఖము చూచిన కుటుంబములకు తెలియును. పెద్దకొడుకు తలుపు దగ్గరనే డాక్టరును పట్టుకొని, "నాన్నగారికి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అని చేతులు జోడించును. లోపల తండ్రి, తన రోగమేమో ఎప్పుడో గ్రహించియు, పిల్లలు బెంగపెట్టుకొందురని తెలియనట్లు నటించుచుండును. ఇట్లు ఒకరినుండి ఒకరు దాచుకొనుచుండగనే కడపటి వారములు గడిచిపోవును. పొలము కాగితములు, బాకీలు, చూడదలచిన మనిషి, సొంత ఇంటిలోనే కన్నుమూయవలెనను కోరిక, అన్నియు గుండెలోనే యుండిపోవును. శిక్షణ పొందిన వైద్యుడు ఆ కొడుకుతో వాదింపడు. "మీ భయం నాకు అర్థమైంది. ఆయన అడగనిదే నా అంతట నేను ఏమీ చెప్పను, అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అని ఒప్పించి, లోనికి పోయి తండ్రినే అడుగును. వినగోరని తండ్రులును నిజముగా కలరు. వారి ఇచ్ఛను మన్నించుటయు ఈ విద్యలోని భాగమే.

శిక్షణార్థులను అన్నిటికంటె ఎక్కువగా పరీక్షించునది మౌనము. దుర్వార్త చెవిని పడిన క్షణమున మనస్సును దుఃఖము ఆక్రమించుకొనును. అప్పుడు చెప్పిన అంకెలును మందుల పేర్లును నిలువవు. అందుచేత వార్తను ఒక్క చిన్న వాక్యములో చెప్పి ఊరకుండవలెను. తరువాతి తొలిపలుకు ఆ దుఃఖమును గుర్తించునదై యుండవలెను. 2007లో క్యాథరిన్ పోలాక్ బృందము 398 సంభాషణలను ధ్వనిముద్రణము చేసి పరిశీలింపగా, రోగి తన వెతను వెలిబుచ్చిన సందర్భములలో నూటికి 22 సార్లు మాత్రమే క్యాన్సరు వైద్యులు దానిని అందుకొని ఆదరముగా బదులిచ్చినట్లు తేలినది.

"ఇంకెంత కాలం?" అను ప్రశ్న మరింత కఠినము. షికాగోలో 468 మంది అవసానరోగులను గూర్చి వారి వైద్యులు వేసిన అంచనాలను క్రిస్టాకిస్, లామాంట్ అనువారు 2000లో సరిచూడగా, నూటికి 20 మాత్రమే నిజమునకు దగ్గరగా నుండెను. 63 ఆయుష్షును ఎక్కువగా చూపినవి. రోగితో పరిచయము పెరిగినకొలది లెక్క మరింత తప్పినది; మమకారమే కంటికి పొరయైనది కాబోలు.

ఏండ్ల అనుభవమే ఇదంతయు నేర్పదా? బ్రిటనులో లెస్లీ ఫాలోఫీల్డ్ 34 కేంద్రములకు చెందిన 160 మంది క్యాన్సరు వైద్యులపై జరిపి 2002లో ప్రకటించిన పరిశోధన నేర్పదనియే చెప్పినది. అనుభవము తీర్పని లోపములను మూడు దినముల శిక్షణ కొంత తీర్చినది. ఐతే శిక్షణలన్నియు ఫలించునని నేననలేను. 2013లో ర్యాండల్ కర్టిస్ బృందము అమెరికాలో యువవైద్యులకు నటులతో అభ్యాసము చేయించగా, వారిని చూచిన నిజరోగులు భేదమేమియు గుర్తింపలేదు. పైగా రోగులలో క్రుంగుబాటు లక్షణములు కొంచెము హెచ్చినవి. ఈ ఫలితమును దాచుట న్యాయము కాదు. శిబిరములో అబ్బిన నేర్పు వార్డులోని ఒత్తిడికి నిలువవలెనన్నచో, పెద్దవైద్యులు ప్రక్కనుండి రోగి మంచమువద్దనే దిద్దుచుండవలెనని నా దృఢవిశ్వాసము.

2019 నుండి మన ఎం.బి.బి.ఎస్. చదువులో వైఖరి, నీతి, సంభాషణ అను వానికి ప్రత్యేక పాఠ్యభాగ మేర్పడినది. కాని పాఠము ఇంగ్లీషున, రోగి తెలుగున. మన ఆసుపత్రులలో తరచు వినవచ్చునది "ఇక చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అను వాక్యము. అది కఠినమేగాక అసత్యము కూడ. ఏలయన నొప్పికి మార్ఫిన్ కలదు, ఆయాసమునకు ఉపశమనము కలదు, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో అందుకొరకే ఒక విభాగము కలదు. అదే విషయమును కుర్చీ దగ్గరకు లాగికొని, ఎదుటివారి కన్నులలోనికి చూచుచు, మన మాటలలోనే చెప్పవచ్చును: "ఈ మందు పనిచేసి ఉంటే ఎంత బాగుండేది, పెద్దాయనా. జబ్బు తగ్గదు. నొప్పి తగ్గించే పని మాత్రం మేము మానం. ఇప్పుడు మీకు అన్నిటికన్నా ఏది ముఖ్యమో చెప్పండి, వింటాను."